మూడువేలవ వాకిలి

శ్రావణమేఘములు కైలాసగిరి శిఖరమును గప్పి సాగరమును ధూసరవర్ణ మొనర్చుచుండ విశాఖపట్టణమందలి యొక చిన్న సాఫ్టువేరు కార్యాలయమున సువర్చల యను యువతి కంప్యూటరు నెదుట బొమముడితో గూర్చుండి యుండెను. తుపాను హెచ్చరికలను జాలరుల ఫోనులకు బంపు వ్యవస్థ యామె స్వహస్తనిర్మితము. దానిని జూడ భీమిలి జాలరుల పెద్ద పోలయ్య వచ్చి ముందరి గదిలో వేచియుండెను. అతడు మెచ్చినగాని యా తీరమున దాని నెవ్వరును నమ్మరు.

సర్వరును బ్రారంభింపబోవ మూడువేలవ పోర్టు ఖాళీ లేదని తెర మొరాయించెను. పోర్టనగా సర్వరు లోకముతో మాటాడు వాకిలి. ఒక వాకిట నొక్కటియే నిలువగలదు. అందరును నొకే యంత్రముపై బనిచేయు నా కార్యాలయమున వాకిలి నిండినచో లోపలి వారెవరని యడుగక మెడబట్టి గెంటుటయే యాచారము. ఆ యాచారమునకు మూలపురుషుడైన భానోజీ పక్కబల్లనుండి తల యెత్తకయే సలహా నొసగెను.

"చూస్తావేంటి, లేపేయ్. పెద్దాయన ఎంతసేపు కూర్చుంటాడు?"

లోపలనున్నది భానోజీ నడుపుచున్న పనియే యని సువర్చల యనుమానము. మొన్ననే యాతడు ఆమె పని నిట్లే గెంటివేసి యుండెను గాన కక్ష దీర్చుకొన నింతకంటె మంచి తరుణము లేదు. అయినను ఇంటిల్లిపాదికి నొక్కటే స్నానపుగది గల యింట బెరిగిన యా పిల్లకు దలుపు ద్రోయుటకు ముందు పిలుచుట పుట్టుకతో వచ్చిన బుద్ధి.

"లోపలెవరో చూడకుండా నేను తలుపు తొయ్యను. ఆయనకి ఇంకో టీ ఇప్పించు," అని ఖండితముగా బలికెను.

పిమ్మట నా వాకిట నున్న దెవరిదని యంత్రము నడిగెను. యంత్రము నిర్వికారముగా సువర్చల యని బదులిచ్చెను. గతదినము సాయంకాలము భీమిలివారికి బడవల పేర్లు నమోదు జేయుట నేర్పి సర్వరు నాపుట మరచి యింటికి బోయినది తానే. చంకలో పిల్లను బెట్టుకొని ఊరంతా వెదకినట్లున్నదని భానోజీ కుర్చీ కిర్రుమనునట్లు నవ్వెను.

ఆమెకు నవ్వు రాలేదు. తీరవాసులు రాత్రియెల్ల నమోదు చేసిన పేర్లు ఇంకను భద్రపరుపబడక యా సర్వరు తాత్కాలిక జ్ఞాపకమునందే యుండెను. గెంటియుండినచో నన్నియు మట్టిగలిసెడివి. ఆమె వానినెల్ల దాచి, పాత సర్వరును స్వయముగా నాపి, వాకిలి ఖాళీయేనని మరల జూచుకొని కొత్తదానిని నిలిపెను.

పోలయ్య లోపలికి వచ్చి తెరవంకనైన జూడక యొక్కటే యడిగెను.

"రేత్రి మావోళ్లు పడవల పేర్లు ఎక్కించినారమ్మా. ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి పెద్దయ్యా."

భానోజీ నవ్వు మాని తన బల్లవంక దిరిగెను. అది మొదలు ఆ కార్యాలయమున నెవ్వరును బిలువక వాకిలి ద్రోయుట లేదు. పిలుచునప్పు డెల్లరును దొలుత దమ పేరే పిలుచుకొందురు.