నోటిదాకా పోసిన నూనె

పెద్దిరాజు నావ ఎంత చిన్నదంటే, అందులో ఒకరు తుమ్మితే ఇంకొకరు ఏట్లో పడతారని రేవులో అందరూ నవ్వేవారు. చిన్నదైతేనేం, దానికి తెరచాప ఉంది, చుక్కాని ఉంది, ఆ చుక్కాని పట్టుకోడానికి పెద్దిరాజుకి రెండు చేతులున్నాయి, ఆ చేతులు ఏం చెయ్యాలో చెప్పడానికి పెళ్ళాం వరహాలమ్మకి నోరుంది. ఇన్ని ఉన్నా, పేరులో తప్ప పెద్దరికం మరెక్కడా లేకుండానే సగం జీవితం గడిపేసేడు పాపం.

అలాంటి నావకి ఆ మాఘమాసం పొద్దున్నే పసుపు రాసేరు. తెరచాప కొయ్యకి వేపమండలు కట్టేరు. ఎందుకంటే, సముద్రం దగ్గిర్లో ఉన్న మొగ్గలంకలో ఆ రోజు గంగమ్మ జాతర. లంకలో ఇంటికొక దివిటీ వెలగాలి. ఆ దివిటీలకి నూనె ఏ నావ తెస్తే, సాయంత్రం దీపాలు పెట్టేవేళ అమ్మవారు ఆ నావే ఎక్కి లంక చుట్టూ తిరుగుతుంది. తాతల నాటినుంచీ ఆ మర్యాద ముత్యాలరాజు వాళ్ళ పెద్ద నావది. ఈ ఏడు ఆ నావ అడుగు చెక్కలు పుచ్చిపోయి ఒడ్డున బోర్లా పడుకుంది. పెద్ద నావ పడుకుంటే పెద్దిరాజు నావ లేచింది!

"చూడు పెద్దిరాజూ," అన్నారు లంక పెద్ద ఆదినారాయణగారు, ముందురోజే. "నూనె తగ్గితే దివిటీ తగ్గుద్ది. ఒక్క ఇంటి దివిటీ తగ్గినా అమ్మవారు నీ నావ ఎక్కదు. మళ్ళీ వచ్చే ఏటికి ముత్యాలరాజు నావ బాగయిపోద్ది, మరి."

"ఆయ్, చిత్తమండి," అన్నాడు పెద్దిరాజు. చిత్తమన్నాడు గానీ అతని చిత్తం అప్పటికే అమ్మవారిని ఎక్కించుకుని లంక చుట్టూ రెండు చుట్లు తిరిగి వచ్చేసింది.

ధవళేశ్వరంలో ఆనకట్ట లేచిన కొత్తలవి. మాఘం వచ్చేసరికి వైనతేయపాయలో నీళ్ళకంటే ఇసకమేటలు ఎక్కువ. గన్నవరం రేవులో గానుగ ధనరాజు దగ్గర నూనె ఎక్కించుకుని, పాటు మొదలవగానే, అంటే ఏరు సముద్రం కేసి లాగడం మొదలవగానే బయలుదేరాలి. "పాటుకి కదిల్తే పొరపాటుండదు, ఏమరుపాటుంటే గ్రహపాటే," అని పెద్దిరాజు తెల్లారకుండానే మొదలెట్టేడు.

"మాటలాపి మెట్లు చూసుకు దిగు మావా, తడబాటొకటే మిగిలిపోయింది," అంది వరహాలమ్మ.

వాళ్ళ వెనకాలే జరీ కండువా వేసుకుని ముత్యాలరాజూ దిగేడు. తన నావ లేకపోతే తనకి పని లేదా? ఉంది. ఎదుటివాడి పనిలో తప్పులెన్నడం.

"నేనూ వస్తాను బావా. అమ్మవారి నూనె కదా, తెలిసినవాడు ఒకడుండాలి."

"రా బావా. నావ మునిగితే తోడుంటావు."

రేవు గట్టుమీద ధనరాజు రకరకాల పాత్రలు వరస పెట్టి ఉంచేడు, పెళ్ళిచూపులకి కూచోబెట్టినట్టు. ముందుగా ఓ కొయ్య పీపా మీద చరిచేడు. "కోరంగి నుంచి వచ్చిందండి. ఓడలమీద తిరిగిన సరుకు. చుక్క కారదు."

పెద్దిరాజు మూతి దగ్గర ముక్కు పెట్టి వెనక్కి గెంతేడు. లోపలింకా సీమసారా వాసన గుప్పుమంటోంది. "ఇది పీపా కాదండి, పాపి!"

"అమ్మవారికి పరవాలేదు గానీ, దివిటీలు తూల్తాయి," అన్నాడు ముత్యాలరాజు.

"పోనీ తోలు సిద్దెలు సిద్ధంగా ఉన్నాయండి. పడ్డా పగలవు."

"అమ్మవారి సొమ్ము తోల్లో పోస్తారా అన్నయ్యగారూ?" అంది వరహాలమ్మ. "పైగా మా నావలో ఎలకలున్నాయి. రాత్రే మా మావ తలపాగా కొరికేసేయి, సిద్దె ఓ లెక్కా?"

ఇత్తడి బిందెలు మిలమిలా మెరుస్తుంటే పెద్దిరాజు కళ్ళూ మెరిసేయి. వరహాలమ్మ చెయ్యి అడ్డం పెట్టేసింది. "బిందె నోరూ మా అత్త నోరూ ఒకటే. అంత వెడల్పు నోటికి మూత ఆగదు. నావ ఇటు వొరిగితే ఇటు, అటు వొరిగితే అటు."

"అయితే ఈ పెద్ద బాన ఒక్కటి చాలదేంటి? ఒకటే మూత, ఒకటే తాడు!" అన్నాడు పెద్దిరాజు.

"ఒకటే దెబ్బ కూడాను. పగిలితే మొత్తం పోద్ది. చిన్నవి తీసుకుంటే ఒకటి పోయినా మిగతావి ఉంటాయి. నావ వొరిగిందనుకో, రెండు ఇటు జరిపి సర్దుకోవచ్చు. బానని జరుపుతావా, బాన నిన్ను జరుపుద్దా?"

చివరికి సన్నమెడ జాడీలు ఏరింది. కొత్తవి పక్కకి నెట్టేసి, నూనె కారి నల్లబడ్డ పాతవాటినే వేలి కణుపుతో కొట్టి, మోత విని తీసుకుంది. "కొత్త జాడీ నూనె తాగుద్ది. పాతది తాగీ తాగీ కడుపు నిండిపోయి ఉంటది."

"మా బావలాగా!" అన్నాడు ముత్యాలరాజు.

"మా మావకి ఇంకా నిండలేదు లెండి," అంది వరహాలమ్మ.

తెల్లవారుజాము చలికి కొబ్బరినూనె తెల్లగా పేరుకుపోయింది, వెన్నముద్దలా. ధనరాజు చిప్పగరిటెతో తీసి, జాడీలో వేసి, పిడితో కూరుతున్నాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆపేడు.

"అదేంటండీ, ఆపేసేరు?" అన్నాడు ముత్యాలరాజు.

"ఎప్పుడూ ఇక్కడే ఆపుతానండి. మా నాన్న ఆపేవాడు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు."

"బాగుంది! వెలితి జాడీ తీసుకెళ్ళి అమ్మవారి ముందు పెడతారా?"

ఆ మాటకి గట్టుమీద అందరికీ గుండె ఝల్లుమంది. కలశం నిండుగా ఉండాలి, సారెబిందె నిండుగా ఉండాలి, ముత్తయిదువ చేతికి ఇచ్చే పసుపు పొట్లం కూడా నిండుగా ఉండాలి. తల్లికి తీసుకెళ్ళేదాన్లో వెలితా! ధనరాజు గబగబా లెంపలేసుకున్నాడు. వరహాలమ్మ సైతం "నిండుగా పొయ్యండి బాబూ, నిండుగా," అని దణ్ణం పెట్టింది. ప్రతి జాడీనీ నోటిదాకా కూరి, పైన గోపురంలా దిద్ది, అరిటాకు కప్పి, గుడ్డ బిగించి, బంకమట్టి మెత్తేరు. చీమ దూరడానికి సందు లేదు. సందు లేకపోవడమే కొంపముంచుతుందని అక్కడ ఎవరికి తెలుసు?

ఇక ఎక్కడ పెట్టాలన్న మాట వచ్చింది. వరహాలమ్మ కొయ్య మొదట్లో, నావ పొట్టలో ఊక పోసి పరుపు వేసింది. "బరువు కిందుంటే నావ నిలబడుద్ది. పొయ్యి వెనకాల, జాడీలు మధ్యన. నిప్పూ నూనే వియ్యమందకూడదు." జాడీలని అందులో మెడలదాకా కూరి, కొబ్బరితాడుతో ఒకదానికొకటి ముడేసి, పైన తాటాకు చాప కప్పింది.

అంతా బాగుంది గానీ, పెద్దిరాజు మొహం వాడిపోయింది. ఇంత చేసి, అడుగున దాచేస్తే ఎవరు చూస్తారు? రేవు దాటగానే, తెరచాప సర్దుతున్నట్టు వెళ్ళి తాటాకు చాప కాస్తా లాగేసేడు. తెర చాప ఎత్తేడు, నీడ చాప ఎత్తేసేడు!

ఇంక ఆ ప్రయాణం చూడాలి! ఉత్తరపుగాలికి తెరచాప బానకడుపు పెట్టేసింది. నావ నీళ్ళు చీల్చుకుంటూ పోతోంది. పసుపు కుంకాలు పెట్టిన జాడీలు వరసగా పేరంటాళ్ళలా కూచుని ఉంటే, రేవు రేవునా జనం బట్టలుతకడం మానేసి పరిగెత్తుకొస్తున్నారు. "నూనె నావొచ్చింది! గంగమ్మ నూనె నావ!" అని కేకలు. ఆడవాళ్ళు దణ్ణాలు. పెద్దిరాజు మీసం దువ్వి, దువ్వి, మీసానికి నొప్పెట్టింది.

పొద్దెక్కింది. చలి పోయింది. ఎండ చురుక్కుమంది.

ఫట్!

"ఏంటది?" అన్నాడు పెద్దిరాజు.

"గాలికి తాడేదో," అన్నాడు ముత్యాలరాజు.

ఫట్! ఫటాఫట్! చివరి జాడీ మట్టిమూత ఎగిరొచ్చి ముత్యాలరాజు నుదుటికి బొట్టులా అంటుకుంది. పేరుకున్న నూనె కరిగింది, కరిగి ఉబ్బింది, ఉబ్బి పొంగింది. చోటు లేకపోతే ఎక్కడికి పోతుంది? పైకే! జాడీ జాడీకీ మెడలమీంచి బంగారంలాంటి నూనె బొటబొటా కారిపోయి ఊకలోకి, ఊకలోంచి చెక్కలమీదికి పాకుతోంది.

"అమ్మా తల్లీ, మునిగేను!" అని పెద్దిరాజు ఒక్క గెంతు గెంతేడు. నూనెమీద కాలేసేడు. నావ ఈ చివరినుంచి ఆ చివరికి కూచునే వెళ్ళిపోయేడు. చుక్కాని వదిలేసిన నావ మూతి తిప్పి, ఎదురుగా ఉన్న ఇసకమేట కేసి బయల్దేరింది.

"మేట! బావా, మేట!" అని అరిచేడు ముత్యాలరాజు.

"అరిచేబదులు పట్టుకోండి బాబూ!" అని వరహాలమ్మ గద్దించింది. నావల్లో పుట్టిన మనిషి ముత్యాలరాజు, కండువా నడుముకి చుట్టి చుక్కాని మీద పడ్డాడు. చెయ్యి జారింది. మళ్ళీ పట్టేడు, మళ్ళీ జారింది. చివరికి చంకలో ఇరికించుకుని, ఒళ్ళంతా వేసి తోసేడు. నావ మేటని రాసుకుని, కర్రుమని, అవతలికి జారిపోయింది.

అప్పటికే వరహాలమ్మ తాగేనీళ్ళ కుండ ఏట్లోకి వొంపేసింది.

"ఒసే, మంచినీళ్ళు! ఇక్కడ ఏరంతా ఉప్పే!"

"నాలిక ఎండితే సాయంత్రం తడుస్తది. దివిటీ ఎండితే మన మొహం ఎండుద్ది. పట్టు మావా!"

జాడీ వొంచి నీళ్ళకుండ నింపేరు. అన్నం కుండ నింపేరు. చేపలపులుసు వొంపేసి, ఆ దాక కూడా చివరి జాడీ కింద పట్టేరు. మెడలదాకా దిగేక జాడీలు పొంగడం ఆపేయి. తాటాకు చాప మళ్ళీ కప్పేరు. కప్పేటప్పుడు వరహాలమ్మ మొగుడికేసి ఒక్క చూపు చూసింది. ఎండకంటే అదే ఎక్కువ కాల్చింది. ఇంక చెక్కలమీద పారింది మిగిలింది. పెద్దిరాజు ఎలకలు వదిలిన తలపాగా విప్పేడు, పాత తెరచాప ముక్క తెచ్చేడు, అద్దుతున్నాడు. గుడ్డ చాల్లేదు. ఇద్దరూ ముత్యాలరాజు కండువా కేసి చూసేరు.

"ఇది జరీదే!"

"నిండుగా పొయ్యమన్నది ఎవరు బావా?"

జరీ కండువా నూనెలో మునిగింది.

మొగ్గలంక చేరేసరికి పొద్దు వాలింది. ఒడ్డున డప్పులు, జనం, ఖాళీ దివిటీ కర్రలు పట్టుకుని ఇంటికొకరు. ఆదినారాయణగారు ఒక్కో జాడీ వొంచి చూసేరు. సాయంత్రం చల్లదనానికి నూనె ఇంకా దిగిపోయి ఉంది. "అన్నీ వెలితే!" అన్నారు. వరహాలమ్మే పొద్దున్నుంచీ జరిగిందంతా చెప్పింది, చాప లాగిన సంగతి మాత్రం మింగేసింది.

కుండల్లో నూనె కూడా పంచేరు. పులుసుదాక దగ్గర ఆదినారాయణగారు ముక్కు మూసుకుంటే, "చేపల వాసన గంగమ్మకి కొత్తా అండీ?" అంది వరహాలమ్మ. అంతా అయ్యేక, ఇంకా కొన్ని ఇళ్ళ కర్రలు పొడిగా మిగిలేయి.

అంతలో ముత్యాలరాజు నావలోకి దిగి, తడిసి ముద్దయిన గుడ్డలన్నీ ఎత్తుకొచ్చేడు. "నూనె ఇక్కడుందండి, కొలిచే పాత్రే వేరు," అంటూ తలపాగా చింపి కర్రలకి చుట్టేడు. తెరచాప ముక్కలు చుట్టేడు. చివరి కర్రకి తన కండువా చుట్టి, అది ఎవరికీ ఇవ్వకుండా తనే పట్టుకున్నాడు. అన్ని ఇళ్ళకీ సరిపోయింది!

"మరి అమ్మవారు ఎక్కుద్దాండీ?" అన్నాడు పెద్దిరాజు.

ఆదినారాయణగారు నావలోకి తొంగి చూసేరు. వేలితో చెక్క రాసి చూసేరు. "ఎలా ఎక్కుద్దయ్యా? నావంతా నూనె తాగేసింది. అమ్మవారి చుట్టూ దివిటీలుండాలి. ఒక్క రవ్వ రాలిందంటే ఊకా, నావా, నువ్వూ, అమ్మవారూ అంతా ఒకటే దివిటీ!"

కాదనడానికి లేదు. పెద్దిరాజు ఇసకలో కూలబడ్డాడు. డప్పులు ఆగేయి.

"చుట్టూ ఉండాలన్నారు గానీ," అంది వరహాలమ్మ మెల్లిగా, "ఎంత దూరంలో చుట్టూ అన్నది ఎవరైనా చెప్పేరాండీ బాబయ్యగారూ?"

"అంటే?"

"పాయ ఇరుకే కదండి. సగం దివిటీలు లంక ఒడ్డున, సగం అవతలి ఒడ్డున. తల్లి మధ్యన నావలో. నావతో పాటు వీళ్ళు నడుస్తారు. నిప్పు ఒడ్డునే ఉంటది, వెలుగు తల్లిమీద పడుద్ది. తల్లికి కావల్సింది వెలుగా, సెగా?"

ఆదినారాయణగారు పాయ కేసి చూసేరు, దివిటీల కేసి చూసేరు, అమ్మవారి కేసి చూసేరు. మెల్లిగా నవ్వు వచ్చింది. "ఊకంతా తీసి పారేసి ఇసక చల్లండ్రా! అవతలి ఒడ్డుకి దోనెలు కట్టండి!"

డప్పులు ఒక్కసారిగా మోగేయి. అమ్మవారిని మోసేవాళ్ళు నావలో అడుగేసి, జారబోయి, ఒకరినొకరు పట్టుకుని నవ్వుకుని, గద్దె దించేరు. రెండు ఒడ్డులమీదా దివిటీలు అంటుకున్నాయి. ఏట్లో మరో రెండు వరసలు అంటుకున్నాయి. జనం ఇసకలో పరిగెడుతున్నారు, కేకలేస్తున్నారు, పిల్లల్ని భుజాలకెత్తుకుంటున్నారు. నీళ్ళ మధ్య తల్లి మొహం వెలిగిపోతోంది. ఇంత బాగా ఎప్పుడూ కనపడలేదని ముసలమ్మలు ఏడ్చేస్తున్నారు.

"బావా!" అని ఒడ్డునుంచి అరిచేడు ముత్యాలరాజు, వగరుస్తూ. "అందరికంటే పెద్ద మంట ఎవరిదో చూడు! నా కండువాది! జరీ కదూ!"

పెద్దిరాజు ఒడ్డు కేసి చూసేడు. కళ్ళు మసకేసేయి.

"మావా, మేట వస్తోంది, ఎడమకి," అంది వరహాలమ్మ.

చుక్కాని చేతిలోంచి జారింది. పెద్దిరాజు దాన్ని చంకలో ఇరికించుకుని, ఒళ్ళంతా వేసి తోసేడు. అమ్మవారి నావ వొంపు తిరిగింది.