ఎడమ చేత్తో కలపకూడదు

సైన్సు టీచరమ్మ పొద్దున్నే టీ పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి వీపు వెనక దాచుకుంటుంది. చూసేవాళ్ళకి ఏదో దొరసాని ఫోజులా ఉంటుంది గానీ, అది ఫోజు కాదు, జాగ్రత్త. ఆ చేత్తో చెంచా పట్టుకుని ఒక్కసారి తిప్పిందా, ఇక ఆ టీ గంగపాలే. పంచదార అడుగున కుప్ప పడుతుంది, పాలు ఓ పక్కకీ డికాషన్ ఓ పక్కకీ జరిగిపోతాయి, మధ్యలో మంచినీళ్ళు ఏమీ ఎరగనట్టు నిలబడతాయి. పుట్టినప్పట్నుంచీ ఆ చెయ్యి అంతే, కలిసినవాటిని విడదీస్తుంది. వీధిలో ఎవరూ దాన్నో వింతగా చూడరు. పాలవాడు మాత్రం గిన్నె ఆవిడ కుడి చేతికే అందించి, వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోతాడు.

బళ్ళో ఆ చెయ్యి బంగారం. గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, ఇది ద్రావణం అర్రా అని వేలు పెట్టి తిప్పితే, ఉప్పంతా గింజలు గింజలుగా పైకి తేలి ఒడ్డుకి చేరేది. ఇసుకా ఇనుప రజనూ కలిపిన పళ్ళెం మీద చెయ్యి ఆనిస్తే రెండూ అలిగిన తోడికోడళ్ళలా చెరో వైపుకి జరిగేవి. ఉత్త నీళ్ళలో పెడితే ఏమీ అయ్యేది కాదు. నీరు సమ్మేళనం కాబట్టి నా చెయ్యి దాని జోలికి పోదు అనేది. రాగితీగ పట్టుకున్నా అంతే. అది మూలకం, అందులో విడదీయడానికి రెండోది ఉంటేగా. పిల్లలు చప్పట్లు కొట్టేవారు.

కొంప మునిగింది అక్కడే. అర్ధ సంవత్సర పరీక్షలో మిశ్రమానికీ సమ్మేళనానికీ తేడా రాయమంటే క్లాసు క్లాసంతా ఒకటే జవాబు రాసి పారేసింది. మా టీచరు ఎడమ చెయ్యి పెడితే విడిపోయేది మిశ్రమం, పెట్టినా విడిపోనిది సమ్మేళనం. పేపర్లు దిద్దింది వేరే బడి మాస్టారు. పాపం, ఆయన ఏమనుకున్నాడో ఏమో, అందరికీ సున్నాలు చుట్టి పంపాడు.

పెద్ద టీచరు పిలిచి, కోప్పడకుండానే చెప్పింది. పిల్లలందరికీ మీ చెయ్యి ఉండదు కదమ్మా, వాళ్ళ చేతులతో వాళ్ళు తేల్చుకునేలా నేర్పండి అంది. టీచరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ఆ మర్నాటి నుంచి ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, వడపోత కాగితం, అయస్కాంతం, స్టవ్వు బల్ల మీద పేర్చి, పాఠం మొదట్నుంచీ ఎత్తుకుంది.

బడి గొడవ అలా ఉండగా ఇంటి గొడవ ఇంకోటి ఉంది.

ఆవిడ పెళ్ళాడింది రంగుల కొట్టాయన్ని. ఎవరైనా ఓ గుండీయో పూరేకో తెచ్చి, ఇదిగో ఈ రంగు కావాలి అంటే చిటికెలో కలిపిచ్చే చెయ్యి తిరిగిన మనిషి. కలిపేవాడికి విడదీసేది దొరికిందని పెళ్ళినాడు జనం పడీ పడీ నవ్వారు. వాళ్ళిద్దరికీ మాత్రం చక్కగానే కుదిరింది. కుదరంది ఆయన కూతురితో. పన్నెండేళ్ళ పిల్ల, మొదటి భార్య బిడ్డ. తల్లి పోయేనాటికి దానికింకా నడక రాలేదు. గుయ్యిమంటూ తిరుగుతుంది, అదను చూసి కుడుతుంది, అందుకని అందరూ కందిరీగ అంటారు. టీచరమ్మ క్లాసులోనే చదువుతుంది. బళ్ళో టీచర్ అంటుంది, ఇంటికొచ్చినా టీచర్ అనే అంటుంది. మంచినీళ్ళు కావాలన్నా సెలవుచీటీ అడిగినట్టు నిలబడి అడుగుతుంది. పెళ్ళయి ఏడాది కావస్తున్నా ఒక్క మెట్టు దిగలేదు.

ఈలోగా వానలకి కప్పు కారి, కందిరీగ గది గోడ పాడైంది. ఆ గోడకి రంగు వేసింది వాళ్ళమ్మ. పిల్ల కడుపులో ఉండగా తనే కలుపుకుని తనే వేసుకుంది. పచ్చంటే పచ్చ కాదు, గోధుమంటే గోధుమ కాదు, సాయంత్రం ఎండ గదిలోకొచ్చి కూర్చున్నట్టుండే రంగు. తల్లి గురించి ఆ పిల్లకి తెలిసిందల్లా ఆ గోడే. అది కాస్తా చెమ్మకి పొక్కి, పెచ్చులూడి పడుతోంది. రంగుల కొట్టాయన ఎన్ని తిప్పలు పడ్డాడో చెప్పలేం. రోజూ ఓ కొత్త రంగు కలిపి గోడ మూల పూసేవాడు. కందిరీగ చూసి, ఇది కాదు నాన్నా అనేది. ఊరందరికీ అడిగిన రంగు ఇచ్చేవాడు ఇంట్లో ఓడిపోయి, మొహం వేలాడేసుకుని కొట్టుకి పోయేవాడు.

అటక మీద, ఆ గోడకి వేయగా మిగిలిన పాత డబ్బా ఒకటి దొరికింది. పైన రంగు తోలు కట్టేసింది గానీ, అడుగున వేలెడు మందాన ఇంకా తడి ఉంది. అదీ ఎండిపోతే ఇక అంతే సంగతులు. రాత్రి భోజనాల దగ్గర టీచరమ్మ మెల్లిగా అంది. నేనొకసారి వేలు పెడితే అందులో ఏమేం కలిశాయో, ఎంతెంత కలిశాయో తెలిసిపోతుంది కదా అని.

కందిరీగ కంచం ముందు నుంచి లేచింది. "అమ్మ కలిపింది కూడా విడదీసేస్తారా? విడదీయడం తప్ప మీకింకేం రాదా, టీచర్?"

డబ్బా తీసుకెళ్ళి మంచం కింద దాచుకుని తలుపేసుకుంది. తండ్రి కోప్పడబోతే టీచరమ్మే వద్దంది. కానీ ఆ మాట ములుకులా దిగింది. తనిక్కడికొచ్చి తండ్రీకూతుళ్ళని కూడా చెరో పక్కకీ జరిపేస్తోందేమో అని భయం పట్టుకుంది. పెళ్ళికి ముందు పనిచేసిన ఊరి బడివాళ్ళు మళ్ళీ రమ్మని అడుగుతూనే ఉన్నారు, సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. అక్కడే గది తీసుకుని, సెలవులకి వచ్చి పోదామనుకుంది. భర్తతో చెబితే, నీ ఇష్టం అన్నాడు. ఆయన నీ ఇష్టం అన్న తీరు వింటే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

మర్నాడు బళ్ళో పాఠం ఇనుమూ గంధకమూ. రెండు పొడులూ కలిపి పిల్లల చేతికే అయస్కాంతం ఇచ్చింది. ఇనుము టకటకా అయస్కాంతానికి అతుక్కుంది, పసుపు పొడి కాగితం మీదే మిగిలింది. తర్వాత వాటినే మళ్ళీ కలిపి, గొట్టంలో పోసి, స్టవ్వు మీద ఎర్రగా కాల్చింది. నల్లటి గడ్డ అయింది. అయస్కాంతం పెట్టమంది. పెట్టారు. గడ్డ ఉలకలేదు, పలకలేదు. ఇప్పుడిది ఇనుమూ కాదు గంధకమూ కాదు, మూడోది, సమ్మేళనం అని చెప్పింది.

చివరి బెంచీలో చెయ్యి లేచింది. కందిరీగది.

"వేడి చెయ్యకుండా వదిలేస్తే? ఏళ్ళ తరబడి రెండూ అలా కలిసే ఉంటే?"

ఆ పిల్ల దేని గురించి అడుగుతోందో టీచరమ్మకి తెలుసు. అబద్ధం చెప్పకూడదు, ఆశ పెట్టకూడదు, ఉన్నదే చెప్పాలి. "ఎన్నేళ్ళున్నా అది మిశ్రమమే. దేని గుణం దానికే ఉంటుంది. విడదీసి, కొలతలు చూసుకుని, అదే కొలతతో మళ్ళీ కలిపితే మొదట ఉన్నదే వస్తుంది."

"మీరు చేసి చూశారా?"

"నువ్వే చేసి చూడు" అంది టీచరమ్మ.

చెప్పింది చెప్పినట్టు నమ్మే రకమైతే దాన్ని కందిరీగ అని ఎందుకంటారు? ఆ సాయంత్రం నాన్న కొట్టుకి పోయి, మూడు రంగులు గిన్నెలో కలిపింది. అందులో కొంచెం తెల్లకాగితం మీద పూసి, ఆ కాగితం జేబులో దాచుకుని, గిన్నె తెచ్చి టీచరమ్మ ముందు పెట్టింది. టీచరమ్మ ఎడమ చెయ్యి వీపు వెనకనుంచి తీసి వేలు ముంచింది. మూడు రంగులూ మూడు వైపులకి జరిగాయి. కందిరీగ చెంచాతో కొలుచుకుని, మూడింటినీ మళ్ళీ తనే కలిపి, ఆరబెట్టి, జేబులో కాగితం తీసి పక్కన పెట్టింది. కిటికీ దగ్గర చూసింది, దీపం కింద చూసింది, నాన్నకి చూపించింది. తేడా వెంట్రుకవాసి కూడా లేదు.

కందిరీగ లేచి వెళ్ళి మంచం కిందనుంచి డబ్బా తెచ్చింది. రెండు చేతులతో పట్టుకుని, మూత తీసిచ్చింది.

పైన కట్టిన తోలు చించి, అడుగునున్నదంతా వెడల్పాటి పింగాణీ పళ్ళెంలోకి ఒంపారు. టీచరమ్మ వేలు పెట్టింది. ముందు తెలుపు విడిపడింది. తర్వాత పసుపు. తర్వాత ఒక్క చుక్కంత ఆకుపచ్చ. ఇవన్నీ నేను వేసి చూసినవే కదా అని రంగుల కొట్టాయన గొణిగాడు. పళ్ళెంలోది ఇంకా కదులుతూనే ఉంది. ఎర్రటి నీళ్ళు కాసిని ఓ వారకి చేరాయి. పల్చటి మీగడలాంటిది ఒకటి వచ్చింది. చివర్న, చిటికెడు తెల్లటి పలుకులు కుప్ప పడ్డాయి.

ఆయన భూతద్దం తెచ్చి ఆ పలుకుల్ని తిప్పి తిప్పి చూశాడు. మన వ్యాపారంలో ఇలాంటి పొడి లేదే అన్నాడు. ఏదో విదేశీ సరుకై ఉంటుందన్నాడు, ఆ రోజుల్లో ఇలాంటివి దొరికేవేమో అన్నాడు. కందిరీగ వేలితో అద్దుకోబోతే, తెలియనివి నోట్లో పెట్టకూడదని చెప్పానా లేదా అని టీచరమ్మ కసిరింది. ముగ్గురూ తలలు వంచి చూస్తుండగానే, ఎక్కణ్ణుంచొచ్చిందో ఓ చీమ పళ్ళెం అంచు ఎక్కి, రంగుల వంకైనా చూడకుండా, చక్కా వెళ్ళి ఆ కుప్ప మీద వాలింది. వెనకాలే ఇంకోటి.

"పంచదార" అంది కందిరీగ. ఎర్రనీళ్ళ వాసన చూసింది. "నాన్నా, ఇందులో ఎవరో టీ పోశారు."

రంగుల కొట్టాయన నేల మీద చతికిలబడ్డాడు. ఆయనకి ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. ఆవిడ స్టూలెక్కి కుంచె ఆడిస్తోంది. తను టీ గ్లాసు డబ్బా పక్కన పెట్టి మేకు కోసం వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ. "నా టీ ఏదంటే, నేను తాగేశానంది! ఒలకబోసి, రంగులో కలిపేసి, తాగేశానంది! అదేమిటే అంటే, ఆకలేసింది, కడుపులో ఉన్నది అడిగింది అంది!"

ఇన్నాళ్ళూ తెలుపులూ పసుపులూ తిరగేసి చచ్చాను, ఆఖరికి నా టీయేనా అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. కందిరీగ ఆయన ముందు గొంతుక్కూర్చుంది. దాని మొహం వెలిగిపోతోంది.

"అమ్మ అబద్ధమాడిందా? నా పేరు చెప్పి?"

ఇంకా చెప్పు, తర్వాత నువ్వేమన్నావు, అమ్మ నవ్విందా అని పట్టుకుంది. అంతవరకూ గోడగా మాత్రమే తెలిసిన తల్లి ఆ రాత్రి స్టూలెక్కి, టీ ఒలకబోసి, బొంకి, నాలిక్కరుచుకున్న మనిషయింది. టీచరమ్మ చెయ్యి కడుక్కుని, చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాటలు వాళ్ళిద్దరివీ అనుకుంది.

ఆదివారం రంగు వేశారు. కొలతలు కందిరీగవి, కలపడం నాన్నది. టీ మాత్రం టీచరమ్మ పెట్టింది, కుడి చేత్తో. ఆ టీ పడగానే డబ్బాలో సాయంత్రం ఎండ దిగినట్టయింది. గోడంతా వేశాక, తడి ఆరకముందే కందిరీగ మంచం పక్కన మూల తన అరచెయ్యి అచ్చు వేసింది. నాన్న చేత వేయించింది. టీచరమ్మ గుమ్మంలో, చెయ్యి వీపు వెనక పెట్టుకుని, రేపు పాత బడివాళ్ళతో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తూ నిలబడింది.

కందిరీగ వచ్చి, వీపు వెనకనుంచి ఆ ఎడమ చేతినే బయటికి లాగింది. పాడైపోతుందే పిల్లా, విడిపోతుంది అని టీచరమ్మ కంగారుపడింది. పిల్ల వినిపించుకోకుండా తీసుకెళ్ళి, తడి గోడకేసి గట్టిగా అదిమి పట్టుకుంది. వదిలాక చూస్తే, రెండు చేతుల అచ్చుల పక్కన మూడోది. అరచేతి మేరకి తెలుపు, పసుపు, ఆకుపచ్చ, టీ ఎరుపు దేనికది గీతలు గీతలుగా విడివడి నిలిచాయి. మధ్యలో పంచదార పలుకులు మెరుస్తున్నాయి.

"ఉండనీ" అంది కందిరీగ. "ఇందులో ఏమేమున్నాయో ఎవరైనా అడిగితే చూపించొచ్చు."

సోమవారం క్లాసులో టీచరమ్మ చక్కెరపాకం గ్లాసు ఎత్తి చూపించి, ఇదేమిటో, ఎలా తేలుస్తారో చెప్పమంది. అందరికన్నా ముందు కందిరీగ లేచింది. "ద్రావణం పిన్నీ! నీళ్ళు ఇగరబెడితే చక్కెర మిగులుతుంది. కావాలంటే నువ్వే చూడు!"

క్లాసంతా ఘొల్లుమంది. కందిరీగ చెవులదాకా ఎర్రబడి, చటుక్కున కూర్చుని, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి, అక్కడ రాయాల్సిందేమీ లేకపోయినా చాలాసేపు రాసింది.

మధ్యాహ్నం పెద్ద టీచరు గదిలోంచి పాత బడికి ఫోన్ చేసి రానని చెప్పేసింది. ఎందుకమ్మా, ఏమొచ్చింది అని అవతలివాళ్ళు గుచ్చి గుచ్చి అడిగారు.

"ఇంట్లో గోడకి చీమలు పట్టాయండీ, చూసుకోవాలి" అంది.