చుక్కలు లేని కాగితం

ఐదు పదాల్లో మూడు సరిగ్గా రాస్తే బుడ్డి పై తరగతికి వెళుతుంది. లేదంటే దానికంటే నాలుగు నిమిషాలు పెద్దదైన అక్క వెళ్ళిపోతుంది, ఇది నా తరగతిలోనే ఉండిపోతుంది. కవలలిద్దరూ ఒక్క పూట కూడా విడిగా ఉన్నవాళ్ళు కాదు. వరండాలో వాళ్ళమ్మ పెద్దదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అక్షరం చూపించి శబ్దం అడిగినంతసేపూ బుడ్డి గడగడా చెప్పేసింది. పరీక్ష పెట్టడానికొచ్చిన మేడం ముఖంలో నవ్వు కూడా కనిపించింది. నేను అప్పుడే పొంగిపోయాను. నా బుద్ధే అంత.

"ఇప్పుడు నేను చెప్పింది రాయమ్మా. మొదటిది, పలక."

బుడ్డి కాగితం మీద ఒక చుక్క పెట్టింది. పక్కన ఇంకోటి. దాని కింద మరోటి. ఉన్న మూడు నిమిషాల్లో ఒకటి చుక్కలకే పోయింది. టీచర్లు నోరెత్తకూడదని నియమం. కలిపెయ్యవే తల్లీ అని లోపల్లోపలే మొత్తుకున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలతో 'పలక' పూర్తిచేసి, రెండో పదానికి మళ్ళీ చుక్కలు మొదలెట్టింది.

గడువు ముగిసేసరికి ఒకటిన్నర పదం.

"రాయడం రాలేదు," అంటూ మేడం కలం తీసింది.

"ఆగండి మేడం! దానికి రాక కాదు. ఏడాది పొడుగునా నేనే అక్షరాలకి చుక్కలు పెట్టిచ్చి కలిపించాను, పుస్తకాలు నీట్‌గా కనబడాలని. వంకరగా రాసిందల్లా చెరిపేశాను." చెబుతుంటే నామీద నాకే అసహ్యం వేసింది. కంచే చేను మేయడమంటే ఇదే.

మేడం నన్ను ఎగాదిగా చూసింది. "మీ ముఖం చూసి కాదు, పిల్ల కోసం ఇంకో మూడు నిమిషాలిస్తాను. చుక్కలొద్దమ్మా, ఎలా వస్తే అలా రాసెయ్."

బుడ్డి పెన్సిలు పట్టుకుని నా వైపు చూసింది. నవ్వాను. నమ్మలేదు. ఇంకాస్త నవ్వాను. మరింత బెదిరిపోయింది.

"మీరు బయటికెళ్ళండి," అంది మేడం.

వెళ్ళాను. గోడ ఇవతలికి పెన్సిలు బరబరా గీస్తున్న చప్పుడు వినిపించింది. "ఏమైంది టీచర్?" అని వాళ్ళమ్మ లేచి నిలబడింది.

"రండి, నాలుగు సరిగ్గా రాసింది!" మేడం కేకేసింది.

ప్రాణం లేచొచ్చినట్టయి లోపలికి పరుగెత్తాను. నన్ను చూడగానే బుడ్డి కాగితం మీద రెండు చేతులూ కప్పేసింది.

"చెరపకండి టీచర్," అంది.