పళ్లు గోడవైపు

తాళాల మేస్త్రి షాపులో తాళంచెవులన్నీ గోడకు మొహం తిప్పుకుని ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు ఇవేంటి, అలిగి కూర్చున్నాయా అని నవ్వుతారు. చెక్కపలకలో సన్నటి గాడులు తీసి, ఒక్కో గాడిలో ఒక్కో చెవిని పళ్లు లోపలికి, వీపు బయటికి ఉండేలా దూర్చడం ఆయన పద్ధతి. దాని కింద మేకుకు ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. బిళ్ల మీద నంబరు తప్ప పేరుండదు, ఊరుండదు. ఎందుకీ చాదస్తం అని ఎవరైనా అడిగితే, పళ్లు చూసినవాడు చెవి కోసేస్తాడు అంటాడు. పని నేర్చుకునే రోజుల్లో ఆయనే ఆ పని చేశాడు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి మొలకు వేలాడుతున్న చెవిని మాటల మధ్యలో చూసి, సాయంత్రానికల్లా రేకుముక్కలో అచ్చు గుద్దినట్టు కోసి గురువుకు చూపించాడు. గురువు మెచ్చుకోలేదు సరికదా, చెంప మీద ఒకటిచ్చి, "చూపించడమూ ఇవ్వడమూ ఒకటేరా" అన్నాడు. నలభై ఏళ్లయినా ఆ చెంప ఆ మాట మరిచిపోలేదు.

షాపు ఇంటికి ముందుగది. కాపురం పైన మేడమీద. కొడుకు దూరపు బస్సు నడుపుతాడు, రెండ్రోజులు ఇంట్లో ఉంటే నాలుగు రోజులు రోడ్డు మీద ఉంటాడు. కోడలిది ఇంటినుంచి చేసే పని. ఒక ఆసుపత్రి డాక్టర్లు రోగులను చూసి నోటితో చెప్పి పంపినదాన్ని, చెవులకు యంత్రం తగిలించుకుని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి పంపాలి. ఎవరి గుండెలో ఏముందో, ఎవరి కడుపులో ఏముందో రోజూ ఆ అమ్మాయి చెవిన పడుతుంది. కట్టుకున్నవాడికి కూడా ఒక్క ముక్క చెప్పదు. ఆ నోరు నేను చేసిన తాళం కప్పలాంటిది అని మామగారికి లోలోపల గర్వం.

అలాంటి ఇంటికి ఆ ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రి తనిఖీ మేడమ్ ఫోన్ చేసింది. కోడలి పని కంప్యూటరులో వాళ్లు కొత్తగా పెట్టిన కాపలా ఒకటి ఉందట. ఇంటి వైఫైలో ఎవరెవరు ఉన్నారో అది లెక్కపెడుతుందట. మీరు రాసిచ్చింది నాలుగు: పని కంప్యూటరు, మీ ఫోను, మామగారి ఫోను, టీవీ. మీవారు ఇంట్లో ఉంటే ఐదు. కానీ ఈ వేళ పదకొండు కనిపిస్తున్నాయి. ఆ మిగతా ఏడుగురూ ఎవరు? రోగుల మాటలు వెళ్లే దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్లు తిరుగుతుంటే మేము ఫైళ్లు పంపలేము. సాయంత్రం నాలుగింటికి మళ్లీ చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే మీ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాం. ఇదీ సారాంశం. మాట మెత్తగానే ఉంది, ముల్లు మాత్రం లోపల ఉంది.

కోడలు కిందికి వచ్చి సంగతి చెప్పింది. ఏడవలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, మూడేళ్లుగా చేస్తున్న పని మామయ్యా అని మాత్రం అంది.

మేస్త్రికి అభిమానం పొడుచుకొచ్చింది. తాళాల మేస్త్రి ఇంట్లో దొంగలు పడ్డారంటే వినేవాళ్లకు నవ్వులాట కదా. ఆకురాయి పక్కన పెట్టి, ఇది నా పని అని మెట్లెక్కాడు. హాలు మూల బీరువా మీద నాలుగు దీపాలు మినుకుమంటున్న వైఫై పెట్టెను కాసేపు చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. దీని పేరు వీధిలో అందరి ఫోన్లలోనూ కనిపిస్తుందా అని అడిగాడు. కనిపిస్తుందంది కోడలు. అయితే ముందు ఆ పేరు దాచెయ్యమన్నాడు. ఒక షావుకారుకు చెక్కపువ్వు వెనక తాళం రంధ్రం పెట్టి పెట్టె చేసిచ్చాననీ, కనపడని తాళాన్ని ఎవడూ కదపడనీ చెప్పాడు.

ఆసుపత్రివాళ్లు పంపిన సూచనల కాగితంలో పేరు దాయడం చిట్టచివర, చిన్న అక్షరాల్లో ఉంది. ఆ సంగతి కోడలు చూసింది కానీ, పెద్దాయన ఉత్సాహం మీద నీళ్లెందుకు చల్లాలని చెప్పినట్టే పేరు దాచేసింది. లెక్క చూస్తే పదకొండు పదకొండుగానే ఉంది.

"చెవి ముందే చేతిలో ఉన్నవాడికి తలుపు ఎక్కడుందో చెప్పాలా మామయ్యా?" అంది కోడలు. "పైగా ఇంకో తంటా ఉంది. పేరు దాస్తే పెట్టె నోరు మూసుకుంటుంది గానీ మన ఫోన్లు ఊరుకోవట. వీధి చివరికి వెళ్లినా, ఫలానావారూ ఉన్నారా, ఫలానావారూ ఉన్నారా అని ఆ పేరే పెట్టి పిలుస్తూ తిరుగుతాయట. వినేవాడు వింటాడు. కాగితంలో రాశారు."

కళ్లు మూసుకుని పాలు తాగిన పిల్లినయ్యానన్నమాట అని మేస్త్రి తనమీద తనే నవ్వి, సరే, ఆ కాగితం మొదటినుంచీ చదువు అని ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

కోడలు చదువుతుంటే ప్రతి మాటా ఆయనకు తన భాషలోనే వినిపించింది. పెట్టె వెనక బొత్తాం ఒకటి ఉంది, నొక్కితే పాస్‌వర్డ్ అడగకుండా ఎవరినైనా లోపలికి రానిస్తుంది. నొక్కితే తెరుచుకునేదాన్ని తలుపంటారా, పీకెయ్ అన్నాడు. దాన్ని ఆపేసింది. పెట్టెను నడిపే తాళం వేరే ఉంది, దాని పాస్‌వర్డ్ కంపెనీవాడు ఇచ్చినదే ఇంకా ఉంది. మేస్త్రి నాలిక కరుచుకున్నాడు. కొత్త కప్పతో వచ్చిన చెవినే ఊరంతా వాడుతున్నట్టు కదా అది. అదీ మార్చింది. గాలిలో పోయే మాటలకు పెట్టె వేసే ముసుగు, అదే ఎన్‌క్రిప్షన్, పాతరకం; కాగితం మార్చమంటే మార్చింది. ఇక మిగిలింది అసలు చెవి. పాతదాంట్లో షాపు పేరూ ఇంటి నంబరూ ఉన్నాయి. అది చెవి కాదు, చీపురుపుల్ల అని ఆయనే ఒప్పుకున్నాడు. అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా పదహారు గళ్ల చెవి ఒకటి ఆలోచించి, సిగరెట్టు అట్ట వెనక రాసి ఇచ్చాడు. కోడలు మేడమ్‌కు రాసిచ్చిన నాలుగింటిలోనూ ఎక్కించింది. దాచిన పేరును మళ్లీ బయటపెట్టింది.

పన్నెండింటికి లెక్క చూస్తే నాలుగు.

ఇద్దరూ కడుపునిండా అన్నం తిన్నారు. మేస్త్రి కిందికి వచ్చి, భోజనం తర్వాత రోజూ చేసే చిల్లర పనులన్నీ చేశాడు. దిమ్మ తుడిచాడు, ఆకురాళ్లు దులిపాడు, పొద్దున కోసిన చెవులకు బిళ్లలు కొట్టి పలకకు తగిలించాడు, కుర్చీలో ఒక కునుకు తీశాడు.

మూడింటికి పావుగంట తక్కువగా మెట్ల మీద కోడలి అడుగుల చప్పుడైంది. లెక్క ఆరైందంది.

మేస్త్రి పైకి పరుగెత్తాడు. తెరమీద నిజంగానే ఆరు. ఆయన జీవితంలో ఎన్నో పగిలిన తాళాలు చూశాడు. గుణపంతో వంచినవి చూశాడు, తీగతో గెలికినవి చూశాడు. గెలికితే గీత పడుతుంది. గీత ఉందా అని కోడలిని అడిగాడు. తప్పు పాస్‌వర్డ్ కొట్టి చూసిన జాడలు పెట్టె చిట్టాలో ఉంటాయి కదా అన్నాడు. కోడలు చూసింది. ఒక్కటీ లేదు. ఇద్దరూ తిన్నగా వచ్చారు, ఒక్కసారికే వచ్చారు.

గీత లేదంటే చెవితోనే తెరిచారు. ఆ మాట ఇద్దరికీ ఒకేసారి తట్టింది. చెవి ఎవరి దగ్గరుంది? ఆమె దగ్గర ఉంది, ఆయన దగ్గర ఉంది. కొడుకు ఎక్కడో రోడ్డు మీద ఉన్నాడు, వాడికి కొత్తది తెలియనే తెలియదు.

"మామయ్యా," అంది కోడలు, కళ్లు తెరమీదే ఉంచి, "మీరెవరికీ చెప్పలేదు కదా."

అడిగిన తీరులో తప్పు లేదు. అయినా మేస్త్రికి గురువు కొట్టిన చెంపే మళ్లీ చుర్రుమంది. "నలభై ఏళ్లలో ఒకరి చెవి ఇంకొకరి కంట పడనివ్వలేదమ్మా" అన్నాడు. అని, కిందికి దిగాడు.

షాపులో బల్ల మీద గడియారాల బావ కూర్చుని ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు. ముప్ఫై ఏళ్లు ఎదురెదురు షాపుల్లో కూర్చుంటే అదే చుట్టరికం. చేతిలో ఫోను, ఫోనులో ఎవరో పోట్లగిత్తల్లా వాదించుకుంటున్నారు. కళ్లద్దాలకు వేలాడే భూతద్దం కూడా తీయకుండానే వచ్చాడు.

"ఏం బావా, మధ్యాహ్నం నీ వైఫై గాలి ఆగిపోయిందేంటి?" అన్నాడు బావ. "మా షాపులో టీవీ కూడా చచ్చి ఊరుకుంది. చందా కట్టలేదేమో అనుకున్నా. ఇందాక నువ్వు కునుకులో ఉన్నప్పుడు వస్తే కొత్త బిళ్ల తగిలించి ఉంది, సరే అని ఫోనులోనూ టీవీలోనూ అదే కొట్టుకున్నా. అయినా ఆ పదహారు అక్షరాలేంటి బావా, నా అద్దం ఉంది కాబట్టి సరిపోయింది. బల్లమీద కూర్చునే మామూలువాళ్ల గతేంటి?"

మేస్త్రి తల మెల్లగా పలకవైపు తిరిగింది.

చివరి వరస, చివరి మేకు. పైన గాడిలో చెవి లేదు, ఆ చెవికి ఇనుప ఒళ్లు లేదు కనుక. కింద ఇత్తడి బిళ్ల ఒక్కటే వేలాడుతోంది. దానిమీద అచ్చులు పెట్టి సుత్తితో ఒక్కొక్కటిగా కొట్టిన పదహారు అక్షరాలు, తళతళలాడుతూ, జనంవైపు తిరిగి. పెట్టె ఇంటికొచ్చిన రోజునుంచీ ఆ మేకుకు పాత బిళ్ల ఉంది. ఈ మధ్యాహ్నం, ఆ కునుకుకు ముందు, మిగతావాటితోపాటు దాన్ని తీసి కొత్తది తగిలించాడు. తీసినట్టు గుర్తుంది, తగిలించినట్టు గుర్తుంది, ఆలోచించినట్టు మాత్రం గుర్తులేదు. చెవి చేతికొస్తే బిళ్ల కొట్టాలి. నలభై ఏళ్లుగా చేతులకు తెలిసింది అదొక్కటే. మిగతా బిళ్లలకు పళ్లు గోడవైపు ఉన్నాయి. దీనికి బిళ్లే పళ్లు.

"నీకు పాతది కూడా ఇలాగే దొరికిందా?" అని అడిగాడు.

దొరకడమేంటి, మాకోసమే కదా పెట్టావు, బల్లమీద వేచి ఉండేవాళ్లకు ఊసుపోవాలని, అన్నాడు బావ. పక్కనున్న దర్జీకి ఆ పాతది తనే చదివి చెప్పాడట. ఈ వీధిలో నీ అంత మర్యాదస్థుడు లేడని అందరూ అనుకుంటారట.

తాళం వేసితిని గొళ్లెం మరిచితిని అంటే ఇదే. మేస్త్రి బిళ్ల ఊడదీసి జేబులో వేసుకుని మెట్లెక్కాడు. గోడ గడియారం మూడుంపావు చూపిస్తోంది.

బిళ్లను కోడలి ముందు, కీబోర్డు పక్కన పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. దొంగ కోసం వీధంతా వెతికాను, నా జేబులోనే ఉన్నాడు అన్నాడు. "మళ్లీ మార్చెయ్యమ్మా. ఈసారి నాకు చెప్పకు. నా ఫోనుకు ఆ గాలి లేకపోయినా నాకేం పోదు."

కోడలు బిళ్లను తిప్పి తిప్పి చూసింది. అక్షరాలు ఎంత ముచ్చటగా కొట్టాడో పెద్దాయన, ఒక్కటీ వంకర పోలేదు. నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. మొదట ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి. మేస్త్రి కాసేపు బిక్కమొహం వేసి, తర్వాత తనూ నవ్వాడు. పొద్దున్నుంచీ ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలు.

ఆమె పెట్టె పేజీ తెరిచి, కుర్చీలోంచి లేచింది. "మీరే కొట్టండి మామయ్యా. తాళాలు మీ పని. మీరు లేకుండా ఈ ఇంటికి తాళం వేస్తే అది నాకు తాళంలా ఉండదు."

మేస్త్రి కూర్చున్నాడు. ఈసారి కాగితం అడగలేదు. ఆయన తలలో వేల చెవుల కోతలు ఉన్నాయి, ఏ పలకకూ ఎక్కనివి. తను మొట్టమొదట కోసిన చెవి లోతుల అంకెలు వరసగా వేశాడు. వాటి మధ్య ఒకదానికొకటి పొత్తు లేని నాలుగు మాటలు ఇరికించాడు. ఒక వేలితో, ఆకురాయి పట్టినంత నిదానంగా కొట్టాడు. తర్వాత కోడలికి చెవిలో చెప్పాడు, ఆమె రెండుసార్లు పెదవులు కదిపి అప్పజెప్పింది. ఇంట్లో ఇంకెవరూ లేరు, అయినా చెవిలోనే చెప్పాడు.

నాలుగింటికి తనిఖీ మేడమ్ సరిగ్గా ఫోన్ చేసింది. అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. మేస్త్రి కిటికీ దగ్గర నిలబడి, వినడం లేదన్నట్టు వీధిలోకి చూస్తున్నాడు.

"నాలుగే" అంది మేడమ్. కారణం ఏమిటని అడిగింది. పాస్‌వర్డ్ బయటివాళ్ల కంట పడేచోట రాసి ఉంది, తీసేశాం అంది కోడలు. ఎవరు రాశారో చెప్పలేదు. చాలా ఇళ్లలో ఇంతేనని, ఒక వారం పాటు రోజూ చూస్తుంటాననీ చెప్పి, ఆగిన ఫైళ్లు పంపేసింది మేడమ్. కోడలు చెవులకు యంత్రం తగిలించుకుంది. వేళ్లు మళ్లీ టకటకమన్నాయి.

బల్లమీద కూర్చునేవాళ్ల సంగతి ఏం చేయాలో వారం గడిచాక చూద్దామనుకున్నారు. వచ్చిపోయేవాళ్లకు వేరే పేరుతో, ఇంటివైపు కిటికీ కూడా లేని వసారా ఒకటి ఆ పెట్టెలోనే తీయవచ్చని కాగితంలో ఉంది. అయితే ముందు మేడమ్‌ను అడగాలి. అడగకుండా గోడకు రంధ్రం చేయనని మేస్త్రే అన్నాడు.

కిందికి వచ్చి ఇత్తడి బిళ్లను బిగింపులో పెట్టి, అక్షరాలన్నీ పోయేదాకా ఆకురాయితో అరగదీశాడు. నున్నగా అద్దంలా అయింది. చేయి ఊరుకోదు కదా, తీసుకెళ్లి చివరి మేకుకే తగిలించాడు.

షాపు కట్టేసే వేళకు గడియారాల బావ మళ్లీ వచ్చాడు. మళ్లీ గాలి ఆగిందని గొణుగుతూ పలక దగ్గరికి పోయి, భూతద్దం కంటికి బిగించి, ఖాళీ బిళ్లమీదికి వంగాడు. అటునుంచి చూశాడు, ఇటునుంచి చూశాడు, వేలితో తడిమాడు.

"ఇందులో ఏముంది బావా?"

"ఈ వేళ నేను నేర్చుకున్నది ఉంది" అన్నాడు మేస్త్రి, వరసలో ఒక చెవి కాస్త పక్కకు తిరిగితే పళ్లు గోడవైపు సర్దుతూ. "చదువుకో, తొందరేం లేదు."