మూడు కిలోల నూట యాభై

తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన ఇన్‌స్పెక్టరుగారి దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు: తూకంలో దొరికినవారు, ఇంకా దొరకనివారు. తన తోడల్లుడు రెండో రకమని ఆయన ఏనాడో నిర్ణయించుకున్నారు. ‘నమ్మకం’ అనే మాట ఆయనకు గిట్టదు కాబట్టి, ఆ నిర్ణయాన్ని ‘పెండింగులో ఉన్న కేసు’ అనేవారు.

ఆ కేసుకు ఆధారాలు లేకపోలేదు. తోడల్లుడు ఏ ఊరు వెళ్ళినా ఉత్తచేతులతో తిరిగి రాడు. అతని ముందుగదిలోని అద్దాల బీరువాలో ఒక కోట తలుపు మేకు, మూతపడిన హోటలు తాళంచెవి, ఏదో రైలు పెట్టె నంబరు పలక వరసగా కొలువుతీరి ఉంటాయి. ఎక్కడివని అడిగితే, “వాటంతటవే నా వెంట వచ్చాయి” అని నవ్వుతాడు. ఆ నవ్వే ఇన్‌స్పెక్టరుగారికి అసలు ఆధారం.

ఉదయపు నడక బృందంలోని తొమ్మిది మంది సముద్రపు ఒడ్డున రెండు రోజులు గుడారాలు వేసుకుని, పక్కనే ఉన్న ప్రాచీన శిథిలాలు చూసి రావాలని బయలుదేరినప్పుడు, తోడల్లుడూ అతని భార్యా కూడా అందులో ఉన్నారు. అక్కాచెల్లెళ్ళు సంతోషించారు. ఇన్‌స్పెక్టరుగారు జాగ్రత్తపడ్డారు.

మొదటి సాయంత్రమే చిక్కు వచ్చింది. ఇసుకలో మేకులు నిలవలేదు. గాలి వీచినప్పుడల్లా గుడారం లేచి నిలబడుతోంది. బరువైనవి నాలుగు దొరికితే తాళ్ళు కట్టి ఇసుకలో పాతెయ్యవచ్చని ఆయన భార్యను పంపారు. ఆమె శిథిలాల కంచె దాకా రెండుసార్లు తిరిగి రెండు రాళ్ళు, ఒక సిమెంటు పెళ్ళ, ఒక పాత ఇటుక మోసుకొచ్చింది. మరొకరైతే వెంటనే పాతేసేవారు. ఈయన సంచిలోంచి స్ప్రింగు త్రాసు తీసి, నాలుగింటినీ విడివిడిగా తూచి, జేబులోని చిన్న పుస్తకంలో రాసుకుని, బరువైనవి గాలి వచ్చే వైపు కేటాయించారు. ఇటుక నడుమ వేలు పట్టేంత గాడి ఉంది.

“తాడు జారదు. మంచిదే తెచ్చావ్” అన్నారు భార్యతో.

“విన్నావుటే, నన్ను మెచ్చుకున్నారు! తేదీ వేసి ఉంచుకో” అందామె చెల్లెలితో.

“గుడారానికి కూడా ముద్ర వేస్తారా అన్నయ్యా?” అన్నాడు తోడల్లుడు.

“నీకు వెయ్యాల్సిందే ఇంకా మిగిలిపోయింది తమ్ముడూ.”

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరుగారు నవ్వలేదు.

మర్నాడు ఉదయం శిథిలాల కాపలాదారు వాళ్ళను దగ్గరుండి తిప్పి చూపించాడు. అతను పదకొండేళ్ళుగా దినకూలీ మీదే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం పన్నెండింటికి పై అధికారి తనిఖీకి వస్తున్నాడనీ, జాబితా పుస్తకంలో ఉన్నవన్నీ ఉన్నచోట ఉంటే తన ఉద్యోగం ఖాయం చేస్తారనీ చెబుతూ, చొక్కా మడత రెండుసార్లు సరిచేసుకున్నాడు. సముద్రం వైపు కంచెను ఆనుకుని ఉన్న పొట్టిగోడ మీద కొత్తగా బయటపడిన ఇటుకలు వరసగా ఉన్నాయి. తూచి పుస్తకంలో ఎక్కించాడట. రంగు డబ్బా ఎండిపోవడంతో అంకెలు మాత్రం ఇంకా వెయ్యలేదట.

ప్రతి ఇటుక మీదా ఒక గాడి ఉంది. తోడల్లుడు ఒకదాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

“ఏదో శక్తి వస్తోందన్నయ్యా. చెయ్యి జివ్వుమంటోంది.”

“రాత్రంతా ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నావు, జివ్వుమనక ఏం చేస్తుంది? పచ్చిమట్టి మీద పనివాడు వేలితో లాగిన గీత అది. ఎవరు చేసిన ఇటుకో తెలియడానికి.”

చెప్పింది సబబుగానే ఉంది. అయితే చెబుతున్నంతసేపూ ఆయన చూపు గాడి మీద లేదు, తోడల్లుడి భుజానికి వేలాడే సంచి మీద ఉంది. అతను ఇటుకల్ని నాలుగుసార్లు తాకాడు, రెండుసార్లు అందరికంటే వెనకబడ్డాడు. ఇవన్నీ ఆయన లెక్కపెట్టారు. ఇటుకల్ని మాత్రం లెక్కపెట్టలేదు.

పదకొండు కావస్తుండగా కాపలాదారు రొప్పుకుంటూ గుడారాల దగ్గరికి వచ్చాడు. పుస్తకం చంకలో ఉంది.

“సార్, నిన్న మధ్యాహ్నం పన్నెండు ఇటుకలున్నాయి. ఇప్పుడు పదకొండే ఉన్నాయి. మీరు తప్ప ఎవరూ రాలేదు సార్. ఎవరైనా సరదాకి తీసుంటే ఇచ్చెయ్యండి, ఎవరికీ చెప్పను. ఆయనొచ్చే టైమైపోతోంది.”

ఇన్‌స్పెక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

“తమ్ముడూ, ఆ సంచి ఒకసారి విప్పు.”

“నాదేనా? అందరివీనా?”

“ముందు నీది.”

మరదలి ముఖం ఎర్రబడింది. “బావగారూ, మా ఇంటికొచ్చినప్పుడు చక్కెర ప్యాకెట్టు తూచారు. పోన్లే అలవాటు అనుకున్నాను. ఇది మాత్రం బాగోలేదు.”

“తప్పు లేనివాడికి సంచి విప్పడానికేమమ్మా?”

తోడల్లుడు దుప్పటి పరిచి, సంచిని దాని మీద బోర్లించాడు. తువ్వాలు, గుప్పెడు గవ్వలు, తుప్పు పట్టిన పడవ కొక్కెం పడ్డాయి. చివర టూత్‌పేస్టు పెట్టె పడి నోరు తెరుచుకుంది. అందులోంచి సిగరెట్లు దొర్లాయి. ఇటుక లేదు.

“ఆరేళ్ళ క్రితం మానేశానన్నారుగా!” అంది మరదలు.

“మానేశానే! ఇవి మానేసిన తరవాతివి.”

ఒకరిద్దరు నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయారు. ఇన్‌స్పెక్టరుగారు వెనక్కి తగ్గలేదు. వస్తువు దొరకనంత మాత్రాన మనిషి నిర్దోషి కాడు, దాచినచోటు వేరు కావచ్చు. ఎంత వస్తువో తెలిస్తే ఎక్కడ పడుతుందో తేల్చవచ్చు.

“ఆ ఇటుక కొలతలు చెప్పవయ్యా.”

కాపలాదారు పుస్తకం తెరిచి, వరసలో చివరిదాని మీద వేలు పెట్టి చూపించాడు. పొడవు, వెడల్పు, మందం. ఆ పక్కన బరువు: మూడు కిలోల నూట యాభై గ్రాములు.

ఇన్‌స్పెక్టరుగారి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళి అక్కడే ఆగింది. చిన్న పుస్తకం తీసి చూడనక్కరలేదు. తూచిన అంకె ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. తాడు జారదని మెచ్చుకున్న గాడి, పొద్దున పదకొండుసార్లు కళ్ళముందు కనిపించిన గాడి, రెండూ ఒకటేనని అప్పుడు తట్టింది.

ఆ అంకె తనకు తప్ప ఎవరికీ తెలియదు. అధికారి వచ్చి వెళ్ళాక ఎవరూ చూడకుండా తవ్వి గోడ దగ్గర పడెయ్యవచ్చు. తోడల్లుడి మీద కేసు ఎప్పటిలాగే పెండింగులో ఉంటుంది. కాపలాదారు గడియారం చూసుకున్నాడు. పదకొండూ ఇరవై.

ఇన్‌స్పెక్టరుగారు తన గుడారం వైపు నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టారు. తాడు విప్పగానే గుడారం ఒక పక్కకు కూలింది. గాడిలో తాడు ఒరిపిడి గీత కూడా పడకుండా ఇటుక బయటికి వచ్చింది.

“అయ్యో! గోడ కింద ఇసుకలో పడుందండీ. ఎవరో పారేశారనుకున్నా” అంది భార్య.

“తెచ్చింది నువ్వే. కానీ చూసినవాణ్ణి, తూచినవాణ్ణి, కట్టినవాణ్ణి నేను” అన్నారాయన, అందరికీ వినపడేలా.

కాపలాదారు ఇటుకను చొక్కాకేసి తుడుచుకుని పరుగుతీశాడు. చొక్కా మడతలన్నీ పాడయ్యాయి.

ఇన్‌స్పెక్టరుగారు కూలిన గుడారం కింది నుంచి తన సంచి లాగి, అదే దుప్పటి మీద తోడల్లుడి వస్తువుల పక్కనే బోర్లించారు. ఎవరూ అడగలేదు. తోడల్లుడు వద్దనలేదు కూడా. కూర్చుని ఒక్కొక్కటే తీసి తీరికగా పరీక్షించాడు. చివరికి స్ప్రింగు త్రాసు అందుకుని, కొక్కెం పట్టి లాగి వదిలాడు.

“దీన్ని ఎప్పుడైనా ఎవరైనా తనిఖీ చేశారా అన్నయ్యా?”

ఇన్‌స్పెక్టరుగారు గోళ్ళలోని ఇసుక తీసుకున్నారు.

“లేదు” అన్నారు.