ఉల్కావీరుడి ఎర్ర కేప్

శనివారం పొద్దున పిల్లలు చూడాల్సిన కార్టూన్‌లో ఉల్కావీరుడి భుజాల మీంచి వేలాడాల్సిన ఎర్ర కేప్ లేదని నిర్మాత డోలరెస్ గురువారం, తెర మీద రీలు సగం నడిచాక వచ్చి చూసి కనిపెట్టింది. ఆ సాయంత్రానికి రీలు టీవీ వాళ్లకు అందకపోతే సీరియల్ రద్దవుతుంది.

"ఎవడయ్యా నా హీరో బట్టలు ఊడదీసింది?" బర్బాంక్‌లోని ఆ కార్టూన్ స్టూడియో దద్దరిల్లేలా అరిచింది.

ముసలి చిత్రకారుడు మిల్టన్ కుంచె కింద పెట్టాడు.

"నేనేనమ్మా. కేప్ రెపరెపలాడాలంటే అడుగడుక్కీ కొత్త బొమ్మ గీయాలి. అది లేకపోతే ఒకసారి గీసిన పరుగు బొమ్మల్నే ఎన్నిసార్లయినా తిప్పి వాడుకోవచ్చు. అందుకే రీలు ఇవాళ్టికి పూర్తయింది. కేప్ ఏదని పిల్లలు అడుగుతారుగా, అందుకని మొదటి సీన్‌లోనే చలికి వణికే పాపకు మన హీరోచేత ఆ కేప్ కప్పించాను. మొదటి నుంచి చూసి, అప్పుడు తిట్టు."