పూజగదిలో పెట్టిన రాయి

తిలకవతి అత్తగారు చిన్నమ్మాళ్‌కి ఎనభై రెండేళ్లు. కళ్లు సగం మసకే గానీ చెవులు మాత్రం పాము చెవులు. బోడినాయకనూరులోని ఆ ఇంటికి వజ్రం రావాలంటే ఆమె పెట్టే పరీక్ష ఒకటుంది. రాయిని నగలో పొదిగించకుండా, కాగితం పొట్లంలోనే తెచ్చి పూజగదిలో మూడు రోజులు ఉంచాలి. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరికీ ఏ కీడూ జరగకపోతే అది అచ్చొచ్చే రాయి. నగలు చేసే ఆచారి దగ్గరికి పోయి ఉంగరంలో కూర్చుంటుంది. ఏదైనా జరిగిందో, వచ్చిన దారినే వజ్రాల కొట్టుకి తిరిగి పోతుంది. మదురైలో ఆ కొట్టువాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు, నవ్వుతూ పొట్లం కట్టి ఇస్తారు. వాళ్లదేం పోయింది, నవ్వుతారు.

ఈసారి రాయి తిలకవతి కొడుకు జీవ నిశ్చితార్థానికి. పెళ్లికూతురు మేనకది సూలూరు, కోయంబత్తూరులో పళ్ల డాక్టరుగా చేస్తోంది. కొట్లో ఆ పిల్ల గుండ్రటివీ, నలుచదరంవీ, కోడిగుడ్డు ఆకారంవీ ఒక్కొక్కటే వేలి మీద పెట్టుకుని గంటసేపు చూసింది. చివరికి ఒకవైపు గుండ్రంగా, రెండోవైపు మొనతేలి ఉన్న రాయి ఎంచుకుంది.

“కొండ మింద వాన పట్టేముందు ఒక చినుకు పడతాదే, అట్ల ఉండాది” అంది.

జీవ మురిసిపోయాడు. ఏలకులు పండించే ఇంటికి చినుకుకన్నా ముద్దొచ్చేదేముంది? తిలకవతికీ ఆ మాట నచ్చింది, మాటకన్నా పిల్ల ఎక్కువ నచ్చింది.

ఇంటికి తెచ్చి పొట్లం విప్పగానే చిన్నమ్మాళ్ రాయిని కంటిదాకా తెచ్చుకుంది.

“ఏమిరా ఇది, కన్నీటి బొట్టు మాదిరి ఉండాది? పెండ్లికూతురి వేలికి ఎవరన్నా కన్నీళ్లు తొడుగుతారా? రాయంటే గుండ్రంగా ఉండల్ల. మీ అమ్మ చెవుల్లో చూడు, అట్ల!”

జీవ ఏదో చెప్పబోయాడు. “సరి, మూడు దినాలు పెట్టి చూస్తాం. అది ఎట్లాంటిదో అదే చెప్తాది” అని ఆమె పొట్లం మూసేసింది.

తిలకవతి చెయ్యి తెలియకుండానే చెవి మీదికి పోయింది. ఆమెవి ఏడురాళ్ల కమ్మలు. ముప్ఫై రెండేళ్ల కిందట పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టినవి. చిన్నమ్మాళ్ పద్ధతి ప్రకారమే ఆ రాళ్లనీ ఉడుమలైపేటలో పుట్టింటి పూజగదిలో మూడు రోజులు ఉంచి, ఏ కీడూ జరగలేదని కబురు పంపారు. కమ్మలతో ఆమె కాపురానికి వచ్చిన ఏడాదే ఏలకుల పంట విరగకాసింది, మరుసటి ఏడాది జీవ పుట్టాడు. ఆ అదృష్టమంతా చిన్నమ్మాళ్ ఆ గుండ్రటి రాళ్లకే కట్టబెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా కోడలిని పిలిచి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి మరీ చూపించేది. తిలకవతి తల దించుకునేది. ఎంత అణకువో అనుకునేవాళ్లు జనం.

అణకువ కాదు, భయం. ఎందుకంటే ఆ కబురు అబద్ధం. రెండో రోజునే నాన్న మగ్గాల షెడ్డులో కరెంటు తీగ కాలి నూలు అంటుకుంది. ఆర్పబోయిన నాన్న కుడిచెయ్యి కాలింది. ఎక్కడ సంబంధం పోతుందోనని అమ్మ గడప దాటనివ్వలేదు ఆ సంగతి. పెళ్లిలో నాన్న ఆ చేతికి తుండుగుడ్డ చుట్టుకుని తిరిగాడు. అడిగినవాళ్లకి గడ్డ లేచిందని చెప్పారు. అప్పటినుంచి ఈ ఇంట్లో ఎవరికి ఏం జరిగినా, భర్త కల్యాణసుందరానికి జ్వరం తగిలినా, తోటకి తెగులు పట్టినా, తన వల్లేనని తిలకవతి లోపల్లోపల వణికేది. రెండో బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయినప్పుడు ఆసుపత్రి మంచం మీద ఆమె మొదట తడుముకున్నది పొట్టని కాదు, చెవుల్ని.

పోనీ, రాయి వెనక్కి పోతే పోయింది, ఇంకోటి తెచ్చుకోవచ్చు కదా అనుకుంటే అంత తేలిక కాదు. మరిదికి మొదట కుదిరిన సంబంధంలో ఇలాగే రాయి తిరిగిపోయింది. ‘రాయి ఎంచిన చెయ్యి మంచిది కాదు’ అంది చిన్నమ్మాళ్. వారం తిరక్కుండా ఆ పిల్ల ఊసే ఇంట్లో లేకుండా పోయింది.

మొదటి రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. తిలకవతి పాలు పొంగినా ఉలిక్కిపడింది, పళ్లెం జారితే గాల్లోనే పట్టుకుంది. మూడో రోజు మధ్యాహ్నం జీవ ముందు వాకిలి వదిలేసి పెరటి వైపునుంచి వచ్చాడు. చొక్కా నిండా ఎర్రమట్టి.

“అమ్మా, గట్టిగా అరవొద్దు. తోటనుంచి వస్తుంటే ఘాట్ రోడ్డులో జీప్ జారింది. ముందు చక్రం గాల్లో నిల్చుండె. నేనూ డ్రైవరూ దూకేస్తిమి. ఎవరికీ ఏమీ కాలా.”

తిలకవతి చప్పున పెరటి తలుపు మూసింది.

“అవ్వకి చెప్పొద్దమ్మా. దీపం పెట్టేదాకా ఓర్చుకుంటే చాలు, రాయి ఆచారి దగ్గరికి పోతాది. మేనకకి మాత్రం చెప్తిని. తానూ ఎవరితో అననని ఒట్టు పెట్టె.”

“మేనకకి తెలుసునా?” అంది తిలకవతి.

జీప్ లోయలోకి పోలేదని గుండె కుదుటపడాలి నిజానికి. కానీ ఆమెకి కళ్లముందు కనబడింది ఇంకోటి. చేతికి తొడుగులు వేసుకునేముందు ఉంగరం తీసి పక్కన పెడుతూ, జీవ ఫోన్ ఎత్తకపోయిన ప్రతిసారీ ఆ రాయి వంక భయంగా చూసే మేనక. ఒట్టు పెట్టిందట, పాపం. అది ఎన్నేళ్లు మోయాలో ఆ పిల్లకేం తెలుసు?

సాయంత్రం చిన్నమ్మాళ్ దీపం ముందు పీట వేసుకుని కూర్చుంది. పొట్లం ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కరినే అడిగింది.

“ఏమప్పా కల్యాణం, ఏమన్నా జరిగిందా?”

“ఏమీ లేదమ్మా” అన్నాడు కల్యాణసుందరం. అతనికి నిజంగానే తెలియదు.

“నీకేమిరా?”

“లేదవ్వా.” జీవ కళ్లు నేల మీదే ఉన్నాయి.

“నీకో, తిలకా?”

తిలకవతి దీపం వంక చూసింది. లేదత్తా అంటే అయిపోతుంది. చిన్న మాట. అమ్మ కూడా ఆ చిన్న మాటే అంది.

“జరిగిందత్తా. ఈ పొద్దు జీప్ ఘాట్‌లో జారె.”

“అమ్మా!” అన్నాడు జీవ.

చిన్నమ్మాళ్ పొట్లాన్ని నిప్పుని తాకినట్టు కింద పెట్టేసింది. “నేను ముందే చెప్పలా? మొన ఉండే రాయి ఇంట్లోకి వద్దంటిని. రేపే తీసుకపోయి ఇచ్చేయండి. దాన్ని ఎంచిన ఆ పిల్ల చెయ్యి...”

“అత్తా, ఆగు!” ముప్ఫై రెండేళ్లలో తిలకవతి అత్తగారి మాటకి అడ్డం రావడం అదే మొదలు. కమ్మల మరలు తిప్పింది. ఒకటి తేలిగ్గా వచ్చింది, రెండోది చెవిని గీరుకుంటూ వచ్చింది. రెండూ తెచ్చి పొట్లం పక్కన పెట్టింది. “అట్లయితే వీట్నీ పంపేయండి. ఇవి పూజగదిలో ఉన్నప్పుడే మా షెడ్డు కాలిపోయె. మా నాయన చెయ్యి కాలె. మా అమ్మ దాచిపెట్టె, నేనూ దాచిపెడితిని. ఇన్నేండ్లు మీరు పొగిడింది ఈ రాళ్లనే.”

“ఏమి తిలకా ఇది!” కల్యాణసుందరం లేచి నిలబడ్డాడు. ఎవరూ అతని వంక చూడలేదు.

చిన్నమ్మాళ్ కమ్మల్ని చేతిలోకి తీసుకుని వేళ్లతో తడిమింది. ఒక్కో రాయినీ లెక్కపెడుతున్నట్టు తడిమింది. ఇప్పుడు తననీ పంపించేస్తుందేమో, పంపితే పంపనీ అనుకుంది తిలకవతి.

“రారా ఇట్ల” అంది ముసలామె జీవతో. “చొక్కా తీయి. యాడ తగిలిందో చూడల్ల.” మసక కళ్లతో వాడి వీపూ భుజాలూ తడిమి చూసింది. దెబ్బ లేదని తేలాక కోడలి వైపు తిరిగింది.

“పెండ్లిలో మీ నాయన చేతికి తుండు చుట్టుకొని ఉండె. ఒక విస్తట్లో కూడా వడ్డించలేదే, ఎంత పొగరో అని నేను అందరితోనూ అంటిని.” ఆమె గొంతు తగ్గింది. “శానా కాలిందా తిలకా?”

నాన్న పోయి పదకొండేళ్లు. ఆ చెయ్యి ఎంత కాలిందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, అడిగే వీలు ఎవరికీ ఇవ్వలేదు కూడా.

“మోచేతి దాకా అత్తా” అంది తిలకవతి, ఆపుకోలేక అక్కడే కూలబడి ఏడ్చింది.

చిన్నమ్మాళ్ ఆమెని దగ్గరికి లాక్కుని, కనబడీ కనబడని కళ్లతో వెతుక్కుంటూ కమ్మలు రెండూ చెవులకి పెట్టింది. “రేపు పొద్దున్నే ఆచారికి ఈ రాయి ఇయ్యి” అంది మనవడితో. “మొన దగ్గర పట్టు గట్టిగా పెట్టమను. తొడుగులు వేసుకొని పని చేసే పిల్ల, యాడన్నా తగులుకుంటాది.”

జీవ ఆచారి నంబరు కోసం ఫోన్ తీశాడు. తిలకవతి కొంగుతో ముఖం తుడుచుకుని వాడి చెయ్యి పట్టుకుంది.

“ముందు మేనకకి చెయ్యిరా. అవ్వకి చెప్పేసినామని చెప్పు. దాచేదానికి ఇంక ఏమీ లేదని చెప్పు.”